అత్త బొమ్మ గౌను: ప్రాజెక్టు డైరీ

జూన్ 14

తుప్పు పట్టి బిగుసుకుపోయిన బిస్కెట్ల డబ్బాను ఈ రోజు తెరిచాను. లోపల అరచేయంత కాగితపు ముద్ద ఉంది. మట్టిరంగుకు తిరిగి, పెళుసెక్కి, పొరలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడినప్పుడు పాతబస్తీలో మా ఇంటి అటక దాకా నీళ్లు వచ్చాయి. మేనత్త ఇనప్పెట్టెలో దాచుకున్న సామానులో అమ్మ ఎండబెట్టి కాపాడగలిగింది ఇదొక్కటే. డబ్బా మీద అమ్మ చేతిరాతతో చీటీ ఉంది: "వదిన బొమ్మ గౌను కాగితం. పారేయవద్దు." అంటే బొమ్మ గౌనుకు బట్ట కోయడానికి వాడే కాగితపు నమూనా.

బొమ్మ మిగలలేదు. రంపపు పొట్టు, జిగురు కలిపి అచ్చు పోసి, పైన రంగు వేసిన అమెరికా బొమ్మ అది. గట్టి ప్లాస్టిక్ బొమ్మలు వచ్చిన 1940ల చివరి దాకా అమెరికాలో ఈ రకం చాలా వాడుకలో ఉండేది. నీళ్లలో నానితే అందులో జిగురు వదిలేస్తుంది. వరద తీసిన తర్వాత పెట్టె అడుగున గుప్పెడు పొట్టు, ఒక కన్ను దొరికాయని అమ్మ చెప్పేది. అత్తకు ఇప్పుడు ఎనభై దాటాయి, చూపు బాగా తగ్గింది. ఈ కాగితాన్ని విప్పి, దాని ప్రకారం గౌను కుట్టి ఆమె చేతిలో పెట్టాలని నా కోరిక.

ముద్దను నీళ్లలో వేస్తే చేతికి గుజ్జు వస్తుంది, పొడిగా లాగితే చిరుగుతుంది. అందుకని ఆవిరి దారి ఎంచుకున్నాను. పెద్ద ప్లాస్టిక్ డబ్బా అడుగున తడిపి పిండిన తువ్వాలు పరిచి, దాని మీద ఎత్తుగా జల్లెడ బోర్లించి, జల్లెడ మీద ముద్ద పెట్టి మూత వేశాను. తడి గుడ్డ కాగితానికి ఎక్కడా తగలకూడదు. లోపలి చెమ్మ మాత్రమే మెల్లగా పొరల్లోకి దిగాలి. ఒక రోజుకు మించి ఉంచితే బూజు పడుతుంది కాబట్టి రేపు సాయంత్రానికి తీసేయాలి.

జూన్ 15

నాలుగు గంటల పాటు కూర్చుని తీశాను. అట్టముక్క అంచును పొరల మధ్యకు జార్చి, ఒక్కో వేలు మేర జరుపుతూ పోతే కాగితం దానంతట అదే వదిలింది. రెండు చోట్ల మొండికేసింది. అక్కడ బలవంతం చేయకుండా మళ్లీ గంటసేపు డబ్బాలో పెట్టాను. విడిపోయిన ముక్కలను పాత పంచె మడతల మధ్య పరిచి, పైన నిఘంటువులు బరువుగా పెట్టాను.

జూన్ 17

ఆరిన తర్వాత మెత్తని కుంచెతో ఒండ్రు దులిపి, ఆవిరి లేకుండా గోరువెచ్చని ఇస్త్రీ వేశాను. ఆరు ముక్కలు తేలాయి: ముందు ఒళ్లు, వెనుక ఒళ్లు, బుట్టచేయి, గుండ్రటి కాలరు, గౌను కింది భాగం, ఇంకా అర్ధచంద్రంలా ఉన్న చిన్న ముక్క ఒకటి. ఈ చివరిది జేబు అయి ఉండాలి. బుట్టచేయి సగం చిరిగిపోయింది కానీ రెండు సగాలూ ఒకేలా ఉండే రకం కాబట్టి ఉన్న సగాన్ని మడతపెట్టి రెండోది గీసుకోవచ్చు. కవరు లేదు, సూచనల కాగితమూ లేదు. ఏ సంస్థ తయారీయో తెలిపే గుర్తు ఏదీ లేదు. గౌను ముక్క మూలలో పెన్సిలుతో "14" అని మాత్రం ఉంది. బొమ్మల నమూనాలకు అప్పుడు సైజు అంటే బొమ్మ పొడవే. అంటే ఇది పద్నాలుగు అంగుళాల బొమ్మది.

నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి వేరే ఉంది. ఈ కాగితం మీద ఒక్క గీత లేదు, ఒక్క అక్షరం అచ్చు వేసి లేదు. అంతా చిల్లులే. మసాచుసెట్స్ దర్జీ ఎబెనేజర్ బటరిక్ 1863లో సైజుల వారీగా కాగితపు నమూనాలు అమ్మడం మొదలుపెట్టిన తర్వాత కొన్ని దశాబ్దాల పాటు నమూనాలు ఇలాగే వచ్చేవి. పల్చటి కాగితాలను దొంతరగా పేర్చి ఒకేసారి కత్తిరించి, గుర్తుల కోసం చిల్లులు వేసేవారు. 1920లలో మెక్‌కాల్ సంస్థ గీతలు అచ్చు వేసిన నమూనాలు తెచ్చిన తర్వాత కూడా చిల్లుల నమూనాలు చాలాకాలం అమ్ముడయ్యాయి. అచ్చు నమూనా అయితే ఇన్నేళ్ల మురికిలో గీతలు అలుక్కుపోయేవేమో. దీనికి సిరా లేకపోవడమే మేలైంది. వరద చిల్లును చెరపలేదు కదా!

జూన్ 19

బటర్ పేపరు మీద అన్నీ దింపుకున్నాను. అసలు కాగితాన్ని ఇక కదపను. చిల్లులను చదవడానికి నాకు తోచిన దారి ఇది. ముందు ఒళ్లు ముక్కలో నిట్టనిలువు అంచు వెంట మూడు పెద్ద చిల్లులు ఉన్నాయి, ఆ అంచు బట్ట మడత మీద పెట్టాలి. గౌను ముక్క మధ్యలో వరుసగా ఉన్నవి నూలు పోగు దిశ చెబుతున్నాయి. అంచుల్లో చిన్న కత్తెర గాట్లు ఉన్నాయి, ఏ గాటుకు ఏ గాటు కలపాలో చూస్తే చేయి, చంక సరిగ్గా జతపడ్డాయి. వీటికి తోడు ఒంటి ముక్కల మీద మరీ సన్నని చిల్లులు, అంచుకు లోపలగా వంపు తిరుగుతూ ఉన్నాయి. కుట్టు పడాల్సిన గీతలు కాబోలు అనుకుని ప్రస్తుతానికి వదిలేశాను.

జూన్ 22

మచ్చు కోసం పాత మల్లు పంచె కోశాను. పద్నాలుగు అంగుళాల బొమ్మ కోసం పెద్దపార్కు దగ్గర అంగళ్లన్నీ తిరిగితే ఒకటి దొరికింది. పావు అంగుళం మార్జిను వదిలి కుట్టాను.

వేసి చూస్తే మనసు చివుక్కుమంది. నడుము దగ్గర రెండు వేళ్లు దూరుతున్నాయి, భుజాలు జారిపోతున్నాయి. కాగితం తడిసి ఆరి కుంచించుకుపోయి ఉంటుందని మొదట అనుకున్నాను. కానీ కుంచించుకుపోతే గౌను బిగుతు కావాలి, ఇది వదులైంది. టేపు పెట్టి కొలిస్తే కారణం తెలిసింది. గౌను నడుము ఎనిమిది అంగుళాలు, అంగడి బొమ్మ నడుము ఆరు. ఎత్తు ఒకటే అయినంత మాత్రాన ఒళ్లు ఒకటి కాదు. ఇప్పటి బొమ్మ పెద్దపిల్లలా సన్నగా ఉంది, ఆ కాలపు బొమ్మ బొద్దుగా చంటిపిల్లలా ఉండేది. పాత నమూనాతో పని మొదలుపెట్టేవారు ఎత్తుతో పాటు ఛాతీ, నడుము, మెడ చుట్టుకొలతలు ముందే రాసి పెట్టుకోవాలి. నేను కుట్టిన తర్వాత కొలిచాను, ఒక రోజు పోయింది.

జూన్ 28

వారం రోజులు ఆ సన్నని చిల్లులే కళ్ల ముందు ఆడాయి. ఈ రోజు అసలు కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి, వెలుతురు వెనుక నుంచి పడేలా పెట్టి చూశాను.

చిల్లులు రెండు రకాలు. పెద్దవి గుండ్రంగా, అంచులు నున్నగా ఉన్నాయి, అవి యంత్రం కొట్టినవి. సన్నవాటికి ఒకవైపు అంచు నున్నగా, వెనుకవైపు గరుకుగా లేచి ఉంది. ఈ గరుకు నాకు బాగా తెలుసు. మగ్గం పనికి డిజైను దింపేటప్పుడు కాగితం మీద సూదితో పొడుచుకుంటూ పోయి, కిరోసిన్‌లో కలిపిన పొడిని రుద్దుతాం. అలా పొడిచిన కాగితం వెనుకవైపు సరిగ్గా ఇలాగే చేతికి తగులుతుంది. అంటే ఇవి అమెరికాలో పడిన గుర్తులు కావు. ఎవరో చేత్తో, ఒక్కొక్కటిగా పొడిచినవి. పక్క అంచు వెంట ఉన్న కొన్నింటి చుట్టూ తుప్పు వలయాలు కూడా ఉన్నాయి. వరద వచ్చిన రోజున అక్కడ గుండుసూదులు గుచ్చి ఉన్నాయన్నమాట.

గీతలు కలిపాను. పక్కల్లో సూది గీత అసలు అంచుకు పావు అంగుళం లోపల నడుస్తోంది. ముందు, వెనుక కలిపి నాలుగు అంచులు, మొత్తం ఒక అంగుళం తగ్గుతుంది. ఎనిమిది కాస్తా ఏడు అవుతుంది. ఎవరో ఆ బొమ్మ ఒంటికి సరిపోయేలా గౌనును చిన్నది చేశారు.

అర్థం కానిది చంక. అక్కడ సూది గీతలు రెండు ఉన్నాయి. ఒకటి అసలు అంచు మీదుగానే పోతోంది, రెండోది దానికి అర పావు అంగుళం లోపలగా, ఇంకా లోతుగా తిరుగుతోంది. మొదట ఒకటి పొడిచి, సరిపోక రెండోది పొడిచారా? అలా అయితే ఏది ఆఖరుది?

జూన్ 30

సి క్యాంపులో అత్త ఇంటికి వెళ్లాను. కాగితాన్ని రెండు అట్టల మధ్య పెట్టుకుని, ఆటోలో ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను.

అత్త కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. "వెనక్కి తిప్పి పెట్టమ్మా" అంది. ముక్కను బోర్లించాను. చూపుడు వేలు కొసను ఆ గరుకు వెంట మెల్లగా, కాగితం నలగకుండా నడిపింది. చంక దగ్గర ఆగింది.

"పై వరుస కుడి చేతిది. లోపలిది ఎడమ చేతిది" అంది.

ఆ తర్వాత గంటసేపు నేను వింటూనే ఉన్నాను. 1953 అక్టోబరులో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు తాతయ్య గుమాస్తాగా ఇక్కడికి బదిలీ మీద వచ్చాడు. సర్కారు కచేరీలు గుడారాల్లో నడుస్తున్న రోజులు. అత్తను మిషన్ బడిలో వేశారు. అక్కడ కుట్టుపని నేర్పే అమెరికా దొరసాని స్వదేశానికి వెళ్లిపోతూ తన చిన్ననాటి బొమ్మను, ఈ కాగితాన్ని అత్తకు ఇచ్చింది. అప్పటికే బొమ్మ ఎడమ చేతిని లోపల పట్టి ఉంచే కొక్కెం ఊడిపోయి ఉంది. తాతయ్య పురికొస చుట్టి చేతిని బిగించి కట్టాడు. ఆ కట్టు వల్ల భుజం దగ్గర ఉబ్బు వచ్చింది, గౌను అక్కడ పట్టేసేది.

"మరి కాగితాన్నే కత్తిరించి సరిచేసుకోవచ్చు కదా అత్తా?"

"కత్తెర పెట్టొద్దని దొరసానమ్మ గట్టిగా చెప్పింది. ఇలాంటి కాగితం ఈ ఊళ్లో మళ్లీ దొరకదు, నీ కొలత సూదితో పొడుచుకో, కాగితం కొలత కాగితానికి ఉండనీ అంది. నాకప్పుడు పదేళ్లు. ఎన్ని రోజులు పొడిచానో!"

నమూనా సగం ముక్కే. బట్ట మడత మీద పెట్టి కోస్తే రెండు పక్కలా ఒకే కోత వస్తుంది. కుడి ఎడమల తేడాను ఒకే సగం మీద రాసుకోవడానికి పదేళ్ల పిల్ల కనిపెట్టిన పద్ధతి అది. ఇన్నేళ్లుగా బట్టలు కుడుతున్న నాకు తట్టలేదు.

జూలై 3

అంగడి బొమ్మను పక్కింటి పాపకు ఇచ్చేశాను. గౌనును మరో ఒంటికి సరిపెట్టే ఆలోచన మానుకున్నాను. ఒంటినే గౌనుకు సరిపెడతాను, గుడ్డబొమ్మ చేస్తాను. కరిగిపోయిన బొమ్మ కొలతలన్నీ ఈ కాగితంలో ఉన్నాయి. పోయినది దాని ముఖం ఒక్కటే.

లెక్క ఇలా వేశాను. గౌను నడుము ఏడు అంగుళాలు. బొమ్మ గౌనుకు ఒంటి మీద అర అంగుళం వదులు చాలు, కాబట్టి ఒంటి నడుము ఆరున్నర. ముందు వెనుక రెండు ముక్కలు కలిపి కుట్టి దూది కూరితే చుట్టుకొలత ఆరున్నర రావాలి, అంటే ఒక్కో ముక్క మూడుంపావు. కుట్టుకు రెండు పక్కలా పావు చొప్పున కలిపి, కోయాల్సింది మూడుముప్పావు. పరిచి చూస్తే మరీ వెడల్పుగా కనిపిస్తుంది, భయపడకూడదు. దూది నిండాక ఒళ్లు గుండ్రపడి వెడల్పు తగ్గుతుంది.

జూలై 6

ఎమ్మిగనూరు వెళ్లివచ్చాను. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం వల్ల ఆ ఊరి నేతకు పేరు వచ్చింది. బొమ్మ ఒంటికి గోధుమ వన్నె ముతక నేత గుడ్డ, గౌనుకు గళ్ల గుడ్డ కావాలి.

గళ్ల ఎంపికకే ఎక్కువ సేపు పట్టింది. పద్నాలుగు అంగుళాల బొమ్మ అంటే ఐదేళ్ల పిల్లకు దాదాపు మూడో వంతు. కాబట్టి బట్ట మీద గళ్లూ మూడో వంతుకు తగ్గాలి. అంగుళం గడి పిల్లకు ముచ్చటగా ఉంటుంది కానీ బొమ్మకు వేస్తే దుప్పటి చుట్టినట్టు ఉంటుంది. వెతకగా గోరంత గళ్లున్న నీలం, తెలుపు గుడ్డ దొరికింది. నూలు ఎనభయ్యో నంబరు, నంబరు పెరిగే కొద్దీ పోగు సన్నబడుతుంది. నలభయ్యో నంబరు గుడ్డ రంగు ఇంకా బాగుంది, మనసు లాగింది కూడా. కానీ గళ్లను చిన్నవి ఎంచుకోగలం, పోగు మందాన్ని తగ్గించలేం. గౌను ఘేరు, అంటే కింది భాగం మొత్తం వెడల్పు, ఇరవై రెండు అంగుళాలు. దాన్ని ఏడు అంగుళాల నడుములోకి కుచ్చుపెట్టాలి, మూడు రెట్లకు పైనే. ముతక గుడ్డ అయితే నడుము దగ్గర తాడులా ఉబ్బుతుంది.

దూది ఆదోని నుంచి వచ్చినది, ఏకినది, అర కిలో.

జూలై 10

ఒళ్లు పూర్తయింది. మొదటిదాన్ని గుడ్డ ఆదా అవుతుందని కాస్త ఐమూలగా కోశాను. దూది కూరుతుంటే పొట్ట సాగి ఏడుంపావుకు వెళ్లింది. రెండోది నిలువు పోగు మీద కోస్తే కొలత నిలబడింది. దూదిని పెద్ద ఉండలుగా తోస్తే లోపల గడ్డలు కడుతుంది. చిటికెడు చొప్పున, పెన్సిలు మొద్దువైపుతో మూలల నుంచి మొదలుపెట్టి నింపాను. మెడ దగ్గర గట్టిగా కూరకపోతే తల వాలిపోతుంది. ఆరు నెలల తర్వాత అయినా వాలుతుంది, కాబట్టి ఇక చాలు అనిపించిన తర్వాత మరో పిడికెడు కూరాలి.

ఎడమ భుజం దగ్గర పురికొస చుట్టి, దాని మీద గుడ్డ కప్పి కుట్టాను. ముఖం దారంతో కుట్టాను, కళ్లు, నోరు, అంతే.

జూలై 15

గౌను పైభాగం. నల్లటి తొక్కుడు మిషను మీదే కుట్టాను. దానికి సూది దిగే రంధ్రం చిన్న గుండ్రటిది కాబట్టి బుల్లి ముక్కల కొసలను కిందికి లాగేయదు. జిగ్‌జాగ్ మిషనుకు ఆ రంధ్రం వెడల్పుగా ఉంటుంది. అలాంటిది వాడేవారు బట్ట కింద పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత కాగితం చింపేస్తే సరిపోతుంది. సూది తొమ్మిదో నంబరు, కుట్టు ఒకటిన్నర మిల్లీమీటరు.

బొమ్మ బట్టలకు కుట్టే వరుస మారుతుంది. పెద్దవారి జాకెట్టుకు పక్కలు మూసి తర్వాత చేయి ఎక్కించే అలవాటు ఉన్నా, ఇక్కడ భుజాలు కలపగానే, ఒళ్లు ఇంకా పరిచి ఉండగానే చేయి ఎక్కించాలి. ఆ తర్వాత చేయి అంచు నుంచి నడుము దాకా పక్కను ఒకే కుట్టులో మూసేయాలి. మూసిన చంకలోకి మిషను బూటు దూరదు.

కుడి చంక పై వరుస ప్రకారం, ఎడమ చంక లోపలి వరుస ప్రకారం కోశాను. పోగులు ఊడకుండా పైభాగమంతటికీ లోపల మల్లు వేసి, మెడ దగ్గర తిప్పేశాను. కుట్టిన తర్వాత మార్జినును అర పావుకు తగ్గించి, వంపుల్లో కుట్టు తెగకుండా గాట్లు పెట్టాను.

కాలరు మాత్రం మూడుసార్లు చేశాను. ముందే కోసుకున్న ముక్కలను కలిపి కుడితే వంపు ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా వచ్చింది. మూడోసారి కోయకుండా, రెండు పొరల బట్ట మీద కాలరు గీత గీసి, గీత మీద కుట్టి, ఆ తర్వాత చుట్టూ కోశాను. నున్నగా తిరిగింది. వేలెడంత ఉన్న ఏ ముక్కకైనా ఇకపై ముందు కుట్టు, తర్వాత కత్తెర.

జూలై 18

కుచ్చులు, నడుము, వెనుక మూడు టిచ్ బటన్లు. కుచ్చులకు పొడవాటి కుట్టు రెండు వరుసలు వేసి కింది దారాలు లాగాను. ఒక్క వరుస లాగితే కుచ్చులు పక్కకు వాలతాయి. అంచు హెమ్మింగు చేత్తో చేశాను.

జూలై 20

సి క్యాంపు. బొమ్మను అత్త ఒళ్లో పెట్టాను. ముందు ముఖం తడిమింది, ఏమీ అనలేదు. కాలరు తడిమి, కుట్టు వెంట గోరు నడిపి, "బాగా తిప్పావు" అంది. అంచు తడిమి, అర అంగుళం పొడవు ఎక్కువైందని చెప్పింది. తర్వాత చేయి ఎడమ భుజం మీదికి వెళ్లింది. అక్కడి ఉబ్బును బొటనవేలితో నొక్కి, మళ్లీ నొక్కి, బొమ్మను దగ్గరగా తీసుకుంది. నేను వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాను.

తిరిగి వచ్చేసరికి గౌను ముందువైపు వెతుకుతోంది.

"ఇదేమిటి, ఇక్కడ కుట్టావు?"

"జేబు అత్తా. అర్ధచంద్రం ముక్క ఉంది కదా."

"జేబా? అది టోపీ ముందు రెక్కమ్మా. ఎండ పడకుండా నుదుటి మీదికి వస్తుంది. వెనుక భాగానికి ఇంకో గుండ్రటి ముక్క ఉండాలి, లేదా?"

లేదు. ఉన్నది రెక్క ఒక్కటే. అత్త తన రెండు అరచేతులను గిన్నెలా కలిపి బొమ్మ తల వెనుక పెట్టి చూపించింది. సంచిలోంచి టేపు తీసి ఆమె వేళ్ల చుట్టూ కొలత తీసుకున్నాను. చుట్టూ తొమ్మిదిన్నర, లోతు రెండుంపావు. జేబు కుట్లు విప్పాలి, అంచు అర అంగుళం ఎత్తాలి. నీలం గళ్ల గుడ్డ ఇంకా పావు మీటరు మిగిలి ఉంది.